యొప్పేలో లంద, షెకెములో రాళ్ళు: బైబిలు చిన్నపేర్లను వాడనుంచి చదవడం

మన క్రైస్తవ వాడల్లో పేర్లకు కరువు లేదు. దేవరుప్పుల మండలంలో గానీ, ఇటు పాలకుర్తి, కొడకండ్ల వైపు గానీ ఏ పల్లెకు పోయినా దావీదు, సాలొమోను, దానియేలు, రూతమ్మ, ఎస్తేరమ్మ అని పిలిస్తే పలికే మనుషులుంటరు. మందిరాల గోడల మీద బేతేలు, సీయోను, షాలేము, బేతనియ అని రాసి ఉంటది. దొర నోట్లో 'ఒరేయ్' తప్ప వేరే పేరు లేని తరం తన పిల్లలకు రాజుల పేర్లు, ప్రవక్తల పేర్లు పెట్టుకోవడం చిన్న సంగతి కాదు. దాన్ని పరాయి పేర్ల మోజు అని వెక్కిరించిన పెద్దమనుషులకు ఆ 'ఒరేయ్' ఎన్నడూ తగల్లేదు. కాబట్టి పెట్టుకున్న పేర్లతో నాకు పేచీ లేదు. పెట్టుకోని పేర్ల సంగతి మాట్లాడదలచుకున్నాను.

అదే గ్రంథంలో మన బతుక్కు అందరికన్నా దగ్గరగా ఉన్న మనుషులు కొందరున్నారు. వాళ్ళకు దక్కింది ఒక వాక్యమో, నాలుగు వాక్యాలో. తోళ్ళు పదునుచేసే సీమోను. గిబియోను ఊరివాళ్ళు. వెట్టి మీద అధికారి అదోరాము. పొలం నుంచి వస్తూ సైనికుల చేతికి చిక్కిన కురేనే సీమోను. ఆదివారం ప్రసంగంలో ఈ పేర్లు వినబడవు. వినబడ్డా ఇంకెవరి కథలోనో దారి మధ్యలో తగిలి వెనక్కు పోతయి. ఈ మరుపు గ్రంథంలో ఉన్నది కాదని నా వాదన. తర్జుమాలో కొంత, ప్రసంగపీఠం మీద కొంత, ఈ నలభై ఏళ్ళలో వచ్చిన మన దళిత దైవశాస్త్రంలో కూడా కొంత జరిగింది. ఎట్లా జరిగిందో చూడాలంటే ఆ నాలుగు వాక్యాల దగ్గర కూర్చోవాలె.

ముందు యొప్పే సంగతి. అపొస్తలుల కార్యములు తొమ్మిదో అధ్యాయం చివర పేతురు ఈ ఓడరేవు పట్నానికి వచ్చి చాలా రోజులు ఉంటాడు. ఎవరింట్లో? తోళ్ళ పనిచేసే సీమోను ఇంట్లో. పదో అధ్యాయంలో ఇదే చిరునామా ఇంకో రెండుసార్లు వస్తది, ఇల్లు సముద్రం ఒడ్డున ఉన్నదన్న గుర్తుతో సహా. మూడుసార్లూ మనిషి పేరుతో పాటు పని పేరును కూడా రాసినవాడు విడిచిపెట్టలేదు. కొత్త నిబంధన మొత్తంలో ఆ గ్రీకు మాట ఈ ఒక్క మనిషికే వాడారు.

తెలుగు బైబిల్లో ఈయన 'చర్మకారుడు'. ఈ మాట దగ్గర కొంచెం ఆగాలె. అదే తెలుగు బైబిల్లో యేసు ఎవరి కొడుకు? వడ్లవాని కొడుకు. యిర్మీయా ఎవరింటికి పోయిండు? కుమ్మరి ఇంటికి. ఎఫెసులో పౌలు మీద గొడవ లేపిన దేమేత్రి కంసాలి. పౌలుకు కీడు చేసిన అలెక్సంద్రు కంచరి. మలాకీ గ్రంథంలో చాకలి ఉన్నాడు. అంటే మన పాత తర్జుమాదారులు గ్రీకు, హీబ్రూ పనివాళ్ళకు ఎదురుగా తెలుగు ఊర్లోని కులవృత్తుల పేర్లను జంకు లేకుండా పెట్టిండ్రు. తోలు దగ్గరికి వచ్చేసరికి కలం ఆగింది. ఊర్లో ఎవ్వరి నోటా లేని సంస్కృత మాట ఒకటి దిగింది. ఇంకో చిత్రం చూడండి. చెప్పు మాత్రం చెప్పుగానే మిగిలింది. బాప్తిస్మమిచ్చే యోహాను తాను విప్పడానికి తగనన్నది చెప్పుల వారునే. చెప్పుకు తెలుగు ఉన్నది, వారుకు తెలుగు ఉన్నది, వాటిని తయారుచేసే చేతికి తెలుగు లేకపోయింది!

ఇది అజ్ఞానం వల్ల జరిగిందని నేననుకోను. 1805లో విశాఖపట్నం చేరిన లండన్ మిషనరీలు క్రాన్, డి గ్రాంజెస్ సువార్తలను తెలుగు చేయబూనినప్పుడు వాళ్ళ పక్కన కూర్చున్నవాడు ఆనందరాయరు అనే బ్రాహ్మణ క్రైస్తవుడు. ఆ తర్వాత ఎన్ని చేతులు మారినా, ఎన్నిసార్లు దిద్దినా ఆ భాష పండితుడి పక్కన పుట్టిన భాషే. లంద ఆ ఇంటి చుట్టుపక్కల లేదు. 'మాదిగ' అన్న మాటను తిట్టుగా వాడే సమాజంలో దాన్ని వేదగ్రంథంలోకి రానీయకపోవడం మర్యాదే కదా అనేవాళ్ళుంటరు. కావచ్చు. కానీ ఆ మర్యాద ఎవరికి అందింది? వడ్లాయన చదివితే తన వృత్తి యేసు ఇంట్లో కనబడుతది. కుమ్మరాయన చదివితే తన సారె మీద దేవుడు కనబడుతడు. తోలు పనిచేసే ఇంట్లో పుట్టి వయోజన పాఠశాలలో అక్షరాలు కూడబలుక్కున్న మనిషి 'చ-ర్మ-కా-రు-డు' అని చదివి ముందుకు పోతడు. అది తన సంగతి అని ఆ మాట చెప్పదు.

సున్నపు నీళ్ళల్ల తోలు నానబెట్టుడు, వెంట్రుక గీకుడు, తంగేడు చెక్క నీళ్ళల్ల మళ్ళ నానబెట్టుడు. లంద అంటే ఏందో తెలిసిన తరానికి దీన్ని విడమర్చే పని లేదు. ఆ పనికి నీళ్ళు దండిగా కావాలె. వాసన ఊర్లోకి రావద్దు. అందుకే ఇక్కడ లంద చెరువుకట్ట కిందనో, వాగు పక్కనో ఉండేది. యొప్పేలో సముద్రం ఒడ్డున ఉన్నది. 'సముద్రపు దరి' అన్న రెండు మాటలను మన ప్రసంగీకులు చల్లగాలి వచ్చే బంగళాలెక్క వర్ణిస్తరు. ఆ గాలిలో ఏముందో లంద దగ్గర పుట్టినవాళ్ళను అడగాలె.

అయితే ఇక్కడ జాగ్రత్త కూడా అవసరం. యూదుల ధర్మనియమాల సంకలనం మిష్నా క్రీ.శ. 200 ప్రాంతంలో కూర్చబడింది. చచ్చిన పశువులను, సమాధులను, తోళ్ళు పదునుచేసే చోటును ఊరికి యాభై మూరల దూరంలో పెట్టాలని అందులో ఉన్నది. లందను ఊరికి తూర్పు దిక్కున తప్ప పెట్టకూడదనీ ఉన్నది. అక్కడ గాలి ఎక్కువగా పడమర నుంచి వీస్తది. గాలివాటం చూసి వాడను కట్టించే తెలివి మనకూ కొత్త కాదు. తోళ్ళ పనివాడి భార్య ఆ కంపు ఓర్వలేనంటే విడాకులు ఇప్పించవచ్చని కూడా ఉన్నది, పెళ్ళికి ముందు ఒప్పుకున్నా సరే. ఇది చదివి మనవాళ్ళు కొందరు "ఇంకేం, సీమోను మనోడే, అక్కడా అంటరానితనమే" అని ఎగిరి గంతేస్తరు. నేను అంత దూరం పోను. దూరం ఉన్నది, వాసన ఉన్నది, పుట్టుక లేదు. సీమోను కొడుకు మగ్గం మీద కూర్చుంటే ఆ ఊర్లో అడ్డం పడే ధర్మశాస్త్రం లేదు. అక్కడి మైల గాలికి పోయేది, ఇక్కడి మైల కడుపులో పడ్డప్పటి నుంచి ఉండేది. పైగా మిష్నా కూర్చింది సీమోను కాలం తర్వాత నూరేళ్ళు దాటినంక.

1994 జూలైలో ఈదుమూడిలో దండోరా మోగినంక పేరు చివర కులాన్ని ధైర్యంగా రాసుకున్న తరం ఒకటి వచ్చింది. ఆ తరం 'సీమోను మాదిగ' అని రాసుకోవాలనుకుంటే నాకు ముచ్చటే. తర్జుమాలో మాత్రం అట్లా రాయమనను. 'తోళ్ళు పదునుచేసే సీమోను' అంటే చాలు. ఆ మాత్రం తెలుగు ఆ గ్రంథానికి ఉన్నది.

ఇప్పుడు మిద్దె మీదికి పోదాం. మధ్యాహ్నం. పేతురు ప్రార్థనకు సీమోను మిద్దె ఎక్కిండు. ఆకలైంది. కింద వంట అవుతున్నది. ఆకాశం నుంచి దుప్పటి దిగడం, దానిలో సకల జంతువులూ పురుగులూ పక్షులూ ఉండడం, చంపుకొని తినమని స్వరం రావడం, నేను నిషిద్ధమైనదేదీ ఎన్నడూ తినలేదని పేతురు అనడం మనవాళ్ళందరికీ కంఠస్థం. ఆ ఆకలిని, ఆ వంటను ఎవ్వరూ పట్టించుకోరు. ఆ వంట ఎవరిది? తోళ్ళ పనివాడి ఇంటిది. చాలా రోజులుగా ఆ ఇంట్లో ఉంటూ, ఆ ఇంటి కూడు తింటూ, కింద పొయ్యి మీద ఉడుకుతున్న వాసన ముక్కుకు తగులుతుండగా ఆ మాట అంటున్నాడు! గ్రంథం ఈ ఇల్లునే ఎందుకు ఎంచుకున్నదో ఇంతకన్నా విప్పి చెప్పాల్నా? పేతురు కైసరయ పోయి ఏం చేసినా, ముందు ఈ ఇంట్లో అన్నం తిన్న మనిషిగా పోయిండు.

మన ప్రసంగాలు ఈ ఇంట్లో ఆగవు. దుప్పటి నుంచి ఒక్క దూకులో కైసరయలో కొర్నేలీ ఇంట్లో పడతయి. కొర్నేలీ శతాధిపతి, రోమా అధికారి, ధర్మాలు చేసే పెద్దమనిషి. "చూసిండ్రా, అంత పెద్ద ఆఫీసరే దేవునికి లొంగిండు" అనడంలో ఉన్న తృప్తి మనది కాదు. అది 'పెద్ద కులపోళ్ళు' ఎప్పుడు వస్తరా అని గుడిసెల మధ్య కూర్చుని ఎదురుచూసిన మిషనరీ తృప్తి. దాన్ని మనం అరువు తెచ్చుకున్నాం.

ఆ ఎదురుచూపుకు చరిత్ర ఉన్నది. ఒంగోలులో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ దగ్గర 1866లో బాప్తిస్మం తీసుకున్న యెర్రగుంట్ల పేరయ్య మాదిగ. తోళ్ళ బేరం మీద ఉత్తరాదికి పోతూ వస్తూ అక్కడి మిషనరీల నోట యేసు మాట విన్నాడు. మాదిగల్ని చేర్చుకుంటే మేం రామని ఒంగోలు అగ్రకులాలు చెప్పినా క్లౌ చేర్చుకున్నాడు. అది ఆయన పద్దులో రాయాల్సిందే. కరువు తర్వాత 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మమిచ్చారు. ఆ ఉద్యమం గురించి క్లౌ భార్య ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ 1899లో అచ్చువేసిన పుస్తకానికి పెట్టిన పేరు 'చెప్పులు కుడుతూ' అన్న అర్థం ఇచ్చేది. తెలుగు నేల మీద ఇంత పెద్ద సంఘం తోళ్ళ బేరగాడి దారెంట నడిచి వచ్చింది. అట్లాంటి సంఘానికి యొప్పే సీమోను ఇంటి పేరు కావాల్సింది, కాలేదు.

ఎందుకు కాలేదు? కారణం నియమాల్లో ఉన్నది. ఆదివారం పని వద్దు, విగ్రహారాధన వద్దు, చచ్చిన గొడ్డు మాంసం వద్దు అని క్లౌ కొత్తవాళ్ళకు మూడు మాటలు పెట్టాడు. మూడోదాన్ని మిషనరీ శుచి అని కొట్టిపారేయలేం. 1927లో మహాడ్‌లో అంబేద్కర్ చెప్పిందీ చచ్చిన పశువు మాంసం మానమనే. అది ఆత్మగౌరవానికి సంబంధించిన మాట, ఊరు పారేసింది ఏరుకోమన్న మాట. పండగకు డప్పు కొట్టం, ఆదివారం పనికి రాం అంటే ఊరి పెద్దలకు మండింది కూడా అందుకే, అది కులచాకిరీని కాదనడమే. ఇంతవరకు బాగనే ఉన్నది. అయితే వెట్టిని కాదనే ఊపులో పనినే కాదనడం జరిగింది. తోలు, డప్పు, ఆరె అన్నీ 'పాత బతుకు' గంపలో పడ్డయి. చదువుకున్న క్రైస్తవుడు తాత లంద సంగతి చెప్పుకోడానికి సిగ్గుపడే రోజు వచ్చింది. అసలు పౌలు కుట్టిన డేరాలు కూడా తోలువే కావచ్చని రోనాల్డ్ హాక్ 1980లో ఒక పుస్తకమే రాశాడు. ఈ సంగతి మన పీఠాల దాకా రాలేదు, వచ్చినా దాచిపెట్టేవాళ్ళేమో!

ఇరవయ్యో శతాబ్దం మొదట్లో అమెరికన్ బాప్టిస్టులు జనగామలో స్టేషను పెట్టేనాటికి ఆ నియమాలు, ఆ బైబిలు భాష రెండూ బ్రిటిషు ఇలాకాలో తయారై ఉన్నయి. నైజాం ఇలాకాలోకి తయారు సరుకుగా వచ్చినయి. ఇక్కడి మనిషికి తోలు ఒక్కటే కాదు, ఇంకో బరువు కూడా ఉన్నది. దాని పేరు వెట్టి.

దేవరుప్పుల నేల గురించి పాఠకులకు కొత్తగా చెప్పేది లేదు. సాయుధ పోరాట కాలంలో నల్గొండ జిల్లాలో ఉన్న జనగామ తాలూకా ఇది. విసునూరు దేశ్‌ముఖ్ రామచంద్రారెడ్డికి నలభై వేల ఎకరాలున్నట్టు సుందరయ్య రాసిండు. దేవరుప్పుల మండలంలోని కామారెడ్డిగూడెంలో భూమి కోసం కోర్టుకెక్కి గెలిచిన షేక్ బందగీని దొర మనుషులు నరికి చంపారు. అదే మండలంలోని కడవెండిలో 1946 జూలై 4న ఊరేగింపు మీద దొర మనుషులు కాల్చిన తుపాకికి దొడ్డి కొమురయ్య నేలకొరిగాడు. వెట్టి లెక్కలో మాదిగ వంతు ఏందంటే దొరకు చెప్పులు, మోటకు తొండం, వ్యవసాయానికి కావాల్సిన తోలు సామాను ఉత్తగ ఇయ్యాలె. మాలమాదిగలు అధికారి ఊర్లోకొస్తే మూటలు మొయ్యాలె, పక్క ఊరి పొలిమేర దాకా పోయి దించి రావాలె.

ఈ నేల మీద కూర్చుని బైబిలు తెరిస్తే వెట్టి అన్న మాట ఎక్కడుంది, ఎక్కడ లేదు అన్నది చూడాలనిపిస్తది. పాత నిబంధన తెలుగులో ఉన్నది. న్యాయాధిపతులు మొదటి అధ్యాయంలో ఇశ్రాయేలీయులు కనానీయుల చేత చేయించుకున్నది వెట్టిపనే. కొత్త నిబంధనలో ఉండాల్సిన చోట లేదు. కురేనే సీమోను పొలం నుంచి వస్తున్నాడు. కురేనే ఉత్తరాఫ్రికాలో, ఇవాళ్టి లిబియాలో ఉన్న పట్నం. రోమా సైనికులు అతన్ని పట్టుకుని యేసు సిలువ మోయించారు. అక్కడి గ్రీకు మాట పారశీక సామ్రాజ్యంలో తపాలా మోసేటందుకు మనుషుల్ని, పశువుల్ని బలవంతంగా పట్టే పద్ధతి నుంచి పుట్టింది. రోములో అది సైన్యం కోసం చేయించుకునే వెట్టికి పేరు. ఒక మైలు రమ్మని బలవంతం చేస్తే రెండు మైళ్ళు పొమ్మని యేసు కొండ మీద చెప్పిన చోట కూడా అదే మాట. తెలుగులో రెండు చోట్లా 'బలవంతం' అని సరిపెట్టారు. తప్పు కాదు. కానీ మూట మోసి పొలిమేర దాకా పోయి వచ్చిన మనిషి ముందు ఈ వాక్యాన్ని 'వెట్టికి పట్టిండ్రు' అని చదివి చూడండి. వివరణ పుస్తకాలు అక్కర్లేదు.

ప్రసంగంలో మాత్రం ఇది 'సిలువ మోసే భాగ్యం' అయింది. గుడ్ ఫ్రైడే నాడు ఈ భాగ్యం మాట వినని వాడ ఉండదు. దొర మూట మోసుడు భాగ్యమా? వెట్టిని భాగ్యం అనేందుకు గ్రంథంలో ఆధారం లేదు. గ్రంథంలో ఉన్నది వేరే. మార్కు ఈ సీమోనును అలెక్సంద్రు, రూఫు అనేవాళ్ళ తండ్రి అని చెప్తాడు, వినేవాళ్ళకు ఆ కొడుకులు తెలిసినట్టుగా చెప్తాడు. వెట్టికి పట్టుబడినవాడి ఇల్లు తర్వాతి సంఘంలో పేరున్న ఇల్లయింది. చెప్పుకోవాల్సింది ఇది.

ఇక షెకెము. రాజుల మొదటి గ్రంథం పన్నెండో అధ్యాయాన్ని మనవాళ్ళు రాజ్యం చీలిపోయిన విషాదంగానే చెప్తరు. సొలొమోను చనిపోయినంక జనం అతని కొడుకు రెహబాము దగ్గరికి వచ్చి నీ తండ్రి పెట్టిన కాడి బరువు తగ్గించమన్నారు. అతడు ఇంకా పెంచుతానన్నాడు. జనం లేచిపోయిండ్రు. అప్పుడు రెహబాము పంపిన మనిషి అదోరాము, వెట్టి మీద అధికారి. జనం రాళ్ళతో కొట్టి చంపిండ్రు. రాజు రథమెక్కి యెరూషలేముకు పారిపోయిండు. అదోరాము పేరు దావీదు కాలపు అధికారుల జాబితాలోనే ఉన్నది. సొలొమోను కాలంలో లెబానోను అడవులకు నెలకు పదివేల మంది చొప్పున వంతులేసి ముప్పైవేల మందిని తోలించింది అదోనీరాము, ఆ పేరు కాస్త మారిన రూపమే ఇది. బరువులు మోసేవాళ్ళు డెబ్బైవేలు, కొండల్లో రాయి కొట్టేవాళ్ళు ఎనభైవేలు అని కూడా లెక్క ఉన్నది. సొలొమోను మందిర వైభవం మీద గంటలకొద్దీ చెప్పే ప్రసంగాల్లో ఈ లెక్కలు రావు. గడీ గోడల ఎత్తు చెప్పి, రాయి మోసినోడి పేరు చెప్పనట్టే.

గ్రంథం తనతో తాను తగవు పడిన చోటు కూడా ఇక్కడ ఉన్నది. ఐదో అధ్యాయం సొలొమోను ఇశ్రాయేలీయులందరి నుంచి వెట్టి మనుషుల్ని తీశాడంటది. తొమ్మిదో అధ్యాయం ఇశ్రాయేలీయుల్ని దాసులుగా చేయలేదు, పరాయి జాతుల్నే చేశాడంటది. పటేలు పట్వారీ రాసిన రికార్డు చదివిన కళ్ళకు ఇది వింత కాదు. ఒక పుటలో నిజం జారిపోతది, ఇంకో పుటలో సర్కారు దాన్ని సర్దుతది. షెకెములో విసిరిన రాళ్ళు ఐదో అధ్యాయమే నిజమని చెప్తున్నయి.

కడవెండి నేల మీద అదోరాము కథను ఎన్నడూ చదవకపోవడానికి కారణం తేలికగానే దొరుకుతది. పై అధికారాలకు లోబడమన్న రోమా పత్రిక పదమూడో అధ్యాయం మన సంఘాలకు బాగా నేర్పారు. రాజుల గ్రంథం పన్నెండును చీలిక పాపంగా నేర్పారు. ఆ చీలికకు ముందు వెట్టి ఉన్నదన్న సంగతి రెండింటి మధ్య జారిపోయింది.

ఇంతవరకు చదివి మనం ఇశ్రాయేలు, దొర ఫరో అని సర్దుకుంటే పని తేలిక అవుతది. 1980ల నుంచి దళిత దైవశాస్త్రం ఈ దారిలోనే ఎక్కువ నడిచింది. అరవింద్ నిర్మల్ ద్వితీయోపదేశ కాండం ఇరవైయారో అధ్యాయంలో దేశదిమ్మరి అయిన అరామీయుడి ఒప్పుకోలును తీసుకుని, గతం లేని మనిషి గతం చెప్పుకోవడాన్ని దళితుడి ఒప్పుకోలుగా చదివాడు. మంచి చదువే, అవసరమైన చదువే. కానీ ఆ అరామీయుడి సంతతి కనానుకు చేరినంక ఏం చేసింది? ఇక్కడ గిబియోను తగులుతది.

యెహోషువ తొమ్మిదో అధ్యాయం. గిబియోను ఊరివాళ్ళు చావు తప్పించుకోడానికి పాత చెప్పులు, పాత తిత్తులు వేసుకుని దూరదేశం వాళ్ళమని చెప్పి ప్రాణానికి మాట తీసుకుంటరు. సంగతి బయటపడినంక యెహోషువ వాళ్ళను శపిస్తడు. తరతరాలుగా సమాజానికీ దేవుని బలిపీఠానికీ కట్టెలు కొట్టేవాళ్ళుగా, నీళ్ళు మోసేవాళ్ళుగా ఉండాలె. బైబిలు మొత్తంలో మన కులానికి దగ్గరగా వచ్చే ఏర్పాటు ఇదే. పుట్టుకతో వచ్చే పని, శాపంతో వచ్చే పని, గుడికి ఆనుకుని ఉండే పని, గుడిలో పాలు లేని పని. మిష్నాలోని లంద కన్నా ఇది మనకు ఎక్కువ దగ్గర.

దీన్ని మన పీఠం మీద ఎట్లా చెప్తరు? వాళ్ళు అబద్ధమాడిండ్రు కాబట్టి వాళ్ళకు ఆ గతి పట్టింది అని! పూర్వజన్మ కర్మ అన్నవాళ్ళను వదిలి వచ్చినవాళ్ళం అదే లెక్కను వేరే పుస్తకంలోంచి చదువుతున్నాం. గ్రంథం కూడా వాళ్ళను అంత సులువుగా వదిలేయలేదు. సమూయేలు రెండో గ్రంథం ఇరవైయొకటిలో సౌలు ఈ గిబియోనీయుల్ని చంపించిన నేరానికి దేశం మీద మూడేళ్ళ కరువు వచ్చిందని, దావీదు వాళ్ళ దగ్గరికి పోయి ఏం చేయమంటరని అడగాల్సి వచ్చిందని ఉన్నది. వాళ్ళకు చేసిన అన్యాయం లెక్కలోకి వచ్చింది. ఆ లెక్క తీర్చిన తీరు భయంకరం. సౌలు వంశంలో ఏడుగురిని ఉరితీయించారు. వాళ్ళ శవాలను పిట్టలు, మృగాలు ముట్టకుండా రిస్పా అనే తల్లి కోతకాలం నుంచి వానలు పడేదాకా కాపలా కూర్చున్నది. ఆ తల్లి పేరునూ మన ఆడబిడ్డలెవ్వరికీ పెట్టలేదు.

అమెరికాలో ఓసేజ్ జాతికి చెందిన రాబర్ట్ అలెన్ వారియర్ 1989లో ఒక వ్యాసంలో ఈ ప్రశ్నే వేశాడు. విముక్తి కథగా చదివే నిర్గమకాండంలో ఆదివాసి నిలబడే చోటు కనానీయుడిది కదా అన్నాడు. నల్లవాళ్ళ విముక్తి వేదాంతానికి ఇది ఇబ్బంది తెచ్చిపెట్టింది. మనకూ తేవాలె. కట్టెలు కొట్టి నీళ్ళు మోసిన గిబియోను వైపు నుంచి చదవడం దళిత దైవశాస్త్రం ఇంకా నేర్చుకోవాల్సిన పని. నేర్చుకుంటే దేవుడు ఎవరి పక్షాన ఉన్నాడన్న మాటను అంత ధీమాగా చెప్పలేం. ఆ కష్టం పడాల్సిందే.

ఇదంతా పుస్తకం లోపలి తగువేనా అనేవాళ్ళకు ఒక కోర్టు సంగతి గుర్తుచేయాలె. మద్రాసులో రోడ్డు పక్కన చెప్పులు కుట్టే సూసై ఆదిద్రావిడుడు, క్రైస్తవుడు. షెడ్యూల్డ్ కులాల చెప్పుల పనివాళ్ళకు సర్కారు ఉచితంగా ఇచ్చిన బంకులు 1982 నాటి పథకంలో అతనికి రాలేదు, క్రైస్తవుడన్న కారణంతో. పక్కన అదే పని చేసే హిందువుకు వచ్చింది. సుప్రీంకోర్టు 1985 సెప్టెంబరు 30న సూసై పిటిషను కొట్టేసింది. క్రైస్తవంలోకి పోయినంక కూడా కులం బాధ అంతే తీవ్రంగా ఉన్నదని రుజువు చూపలేదన్నది. దీని వెనక ఉన్నది 1950 రాష్ట్రపతి ఉత్తర్వు. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు తలుపు తీసిన ఆ ఉత్తర్వు క్రైస్తవ, ముస్లిం దళితులకు తీయలేదు. 2022లో కేంద్రం జస్టిస్ బాలకృష్ణన్ కమిషన్ వేసింది. మన దగ్గర క్రైస్తవంలోకి మారిన దళితులకు వెనకబడిన తరగతుల సి గ్రూపు కింద ఉన్నది ఒక్క శాతం. అందుకే వాడలో సర్టిఫికెట్టుకు ఒక పేరు, మందిరానికి ఒక పేరు. బడి రిజిస్టరులో మల్లయ్య, బాప్తిస్మపు రిజిస్టరులో మోషే. దీన్ని మోసం అనే న్యాయవాదులకు గిబియోనువాళ్ళ పాత చెప్పుల కథ చదివి వినిపించాలె.

సూసై ఓడిపోయిన వాదన ఒక్క ముక్కలో చెప్పాలంటే విశ్వాసం మారినా చేతిలోని పని, ఆ పనికున్న మైల మారలేదన్నది. లూకా సీమోను గురించి రాసిందీ ఇదే. అతను ఆ పని మానినట్టు లేదు, ఇల్లు ఊర్లోకి మార్చినట్టు లేదు. శిష్యుడికి ఆతిథ్యమిచ్చినా మూడుసార్లూ తోళ్ళ పనివాడిగానే రాయబడ్డాడు. కోర్టు చదవని రుజువు ఒకటి మన చేతుల్లోనే ఉన్నది, దాన్ని మనమూ సరిగ్గా చదవలేదు.

మిద్దె మీది దర్శనం అయిపోయినంక ఏం జరిగిందో ఇంకొంచెం చూడాలె. కొర్నేలీ పంపిన ముగ్గురు, ఇద్దరు పనివాళ్ళు, ఒక సైనికుడు, ఇల్లు అడుగుతూ అడుగుతూ వచ్చి తోళ్ళ పనివాడి వాకిట్లో నిలబడి కేకేస్తరు. దేవదూత వాళ్ళ యజమానికి చెప్పిన చిరునామా అది. రోమా అధికారి మనుషులు లంద ఉన్న ఇల్లు వెతుక్కుంటూ రావడం ఆ ఊర్లో ఎంతమంది చూసి ఉంటరో. పేతురు దిగి వచ్చి వాళ్ళను లోపలికి పిలిచి ఆ రాత్రికి అక్కడే ఉంచుకున్నాడని పదో అధ్యాయం ఇరవైమూడో వచనంలో ఉన్నది. పిలిచినవాడు చుట్టం, ఇల్లు సీమోనుది. తెల్లారి ప్రయాణం. ఆ రాత్రి నలుగురు మనుషులకు ఆ ఇంట్లో అన్నం వండినవాళ్ళు, పరుపులు పరిచినవాళ్ళు ఎవరో లూకా రాయలేదు.